శ్రీకాకుళం నుంచి బైక్ ట్రాక్ డేకి: ఎంత ఖర్చవుతుంది, ఏం మిగులుతుంది

“ఏట్రా ఇది? తిరిగిన చోటే తిరగడానికి నలభై మూడు వేలా?”

మొదటిసారి ట్రాక్ డేకి వెళ్లొచ్చాక నా ఖర్చుల పుస్తకం తిరగేస్తూ మా మావయ్య అడిగిన మాట ఇది. ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. తర్వాతి ఏడాది ఇంకోసారి వెళ్లాను. పద్ధతి మార్చుకున్నాను. ఖర్చు 26 వేల లోపే అయింది, నేర్చుకున్నది మాత్రం మొదటిసారి కంటే చాలా ఎక్కువ. ట్రాక్ దగ్గర ఫీజు కట్టగానే ఆ డబ్బుకు విలువ వచ్చేయదని నాకు అప్పుడు అర్థమైంది. బయల్దేరే ముందు నెల రోజులు మనం ఇక్కడ ఏం చేశామన్నదే దాన్ని తేలుస్తుంది. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వెళ్లాలనుకునేవాళ్ల కోసం మొదటి నుంచీ వరుసగా రాస్తున్నాను.

మొదటి మెట్టు: ట్రాక్ డే అంటే ఏమిటో తెలుసుకోండి

ట్రాక్ డే రేసు కాదు. ఎవరు ముందొచ్చారని చూడరు, కప్పు ఇవ్వరు. నిర్వాహకులు రేస్ ట్రాక్‌ను ఒక రోజుకు అద్దెకు తీసుకుని, ఫీజు కట్టినవాళ్లను బైకులతో లోపలికి పంపుతారు. అనుభవాన్ని బట్టి రెండు మూడు గ్రూపులు చేసి, ఒక్కో గ్రూపును పదిహేను, ఇరవై నిమిషాల చొప్పున ట్రాక్ మీదికి వదులుతారు. ఒక గ్రూపు తిరుగుతుంటే మిగతావాళ్లు షెడ్డు నీడలో ఉంటారు. ఇలా రోజు మొత్తంలో ఒక్కొక్కరికి ఐదారు సెషన్లు దొరుకుతాయి.

ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి ఓపెన్ ట్రాక్ డే. నియమాలు చెప్పి వదిలేస్తారు, నీ బండి నువ్వు నడుపుకోవాలి. రెండోది ట్రైనింగ్ డే. ప్రతి సెషన్‌కు ముందు పాఠం ఉంటుంది, ట్రాక్ మీద ఇన్‌స్ట్రక్టర్ వెనకాలే వచ్చి చూస్తాడు, దిగాక మన తప్పులు చెబుతాడు. మొదటిసారి వెళ్లేవాళ్లు ట్రైనింగ్ డేకే వెళ్లండి. ఫీజు కొంత ఎక్కువైనా సరే. ఓపెన్ డేలో మన తప్పునే నలభై సార్లు చేసి దాన్ని అలవాటుగా మార్చుకుని ఇంటికి వస్తాం.

ఇవి కాక టీవీఎస్, యమహా, కేటీఎం లాంటి కంపెనీలు తమ బైకులు కొన్నవాళ్ల కోసం అప్పుడప్పుడూ ట్రాక్‌లో శిక్షణ రోజులు పెడుతుంటాయి. ఫీజు మామూలు ట్రాక్ డే కంటే బాగా తక్కువగా ఉంటుంది. మీ షోరూంలో అడిగి నంబరు ఇచ్చి ఉంచండి.

రెండో మెట్టు: ట్రాక్, నెల ఎంచుకోండి

మనకు అన్నిటికంటే వీలైనది చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలోని ట్రాక్. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ కట్టించింది, 1990 నుంచి నడుస్తోంది. ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు. ఒక రౌండు సుమారు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. చెన్నై నుంచి బెంగళూరు హైవే మీద శ్రీపెరుంబుదూరు వైపు 40 కిలోమీటర్లు వెళితే వస్తుంది.

కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలోని కరి మోటార్ స్పీడ్‌వే చిన్నది, 2.1 కిలోమీటర్లు. 150, 200 సీసీ బండ్లకు అది చక్కగా సరిపోతుంది కానీ చెన్నై దాటి ఇంకో రాత్రి ప్రయాణం. ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో 2011 నుంచి 2013 వరకు ఫార్ములా వన్ కారు రేసులు, 2023 సెప్టెంబరులో మోటోజీపీ బైకు రేసు జరిగాయి. అయిదు కిలోమీటర్ల పెద్ద ట్రాక్ అది. పొడవైన స్ట్రెయిట్ (మలుపుల్లేని తిన్నని భాగం) మీద చిన్న బండి ఫుల్ థ్రాటిల్‌లో వెళుతూనే ఉంటుంది, మనం నేర్చుకునేది తక్కువ. మొదటిసారికి అంత దూరం అక్కర్లేదు.

నెల విషయానికొస్తే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైలో వానలు. మేలో లెదర్ సూట్ వేసుకుని నిలబడటమే కష్టం. జనవరి, ఫిబ్రవరి హాయిగా ఉంటుంది కానీ సంక్రాంతి ముందూ వెనకా మన వైపు రైళ్లలో బెర్తు దొరకదు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు కాబట్టి ట్రాక్ తేదీ తెలియగానే టికెట్టు చూసుకోండి. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దొరకకపోతే విజయనగరం నుంచి చూడండి.

మూడో మెట్టు: డబ్బు మొత్తం లెక్కేయండి, ఫీజు ఒక్కటే కాదు

చాలామంది పొరపడేది ఇక్కడే. ఫీజు పన్నెండు వేలు అని విని, ఇంకో మూడు నాలుగు వేలు పై ఖర్చు అనుకుని బయల్దేరతారు. నా మొదటి ప్రయాణం లెక్క ఉన్నదున్నట్టు చెబుతాను. నాది యమహా ఆర్15. మేం ముగ్గురం కలిసి మూడు బైకుల్నీ బొలెరో పికప్‌లో ఎక్కించి పంపాం, మేం రైల్లో వెళ్లాం.

ట్రాక్ ఫీజు 12,000. పికప్‌కు రానూపోనూ డీజిలు, డ్రైవరు బత్తా, టోల్‌గేట్లు అన్నీ కలిపి నా వాటా 12,000. రైలు టికెట్లు 1,100. రెండు రాత్రులకు రూములో నా వంతు 1,500. తిండికి 1,000. ట్రాక్ మీద తాగిన పెట్రోలు, దాని చుట్టూ చిల్లర ఖర్చులు 1,000. లెదర్ సూట్, బూట్లు అద్దెకు 3,500. వెళ్లే ముందు బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ ఫ్లూయిడ్, ఇంజిన్ ఆయిల్, కూలీ 3,200. టైర్లు రెండూ మార్చినందుకు 8,000. మొత్తం 43,300. అందులో ఫీజు నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే.

రెండోసారి బండి ఇక్కడే వదిలేశాను. ట్రాక్ దగ్గరే బైకు, గేరు (సూట్, బూట్లు లాంటి రక్షణ సామగ్రి) అద్దెకిచ్చే ట్రైనింగ్ డే చూసుకున్నాను. అన్నీ కలిపి 22,000. రైలు, రూము, తిండి 3,600. మొత్తం 25,600. చెన్నైలో ఉండేవాడికి సొంత బైకు తీసుకెళ్లడం చవక. తొమ్మిది వందల కిలోమీటర్ల అవతల ఉన్న మనకు అద్దె బైకే చవక. ఈ ఒక్క విషయం ముందే ఎవరైనా చెప్పి ఉంటే నాకు 17 వేలు మిగిలేవి. ఫీజులు ఏటా మారుతుంటాయి. మీ సొంత లెక్క రాసుకునేటప్పుడు దేనికెంత పోతుందో చూడటానికి నా అంకెల్ని వాడుకోండి.

ఇంకో లెక్క కూడా చేయండి. ఐదు సెషన్లు, ఒక్కోటి 20 నిమిషాలు అంటే ట్రాక్ మీద మనకు దొరికేది 100 నిమిషాలు. నా మొదటి ప్రయాణంలో నిమిషానికి 433 రూపాయలు పడింది, రెండోదాంట్లో 256. గేరు ఎప్పుడు మార్చాలో, బ్రేకు ఎలా పట్టాలో నేర్చుకోవడానికి ఆ నిమిషాలు ఖర్చు పెట్టకూడదు. అది ఇక్కడ ఉచితంగా నేర్చుకోవచ్చు. ఆరో మెట్టులో చెబుతాను.

సొంత బండే కావాలంటే దారులు మూడు. పికప్‌లో ముగ్గురు కలిసి పంపడం ఒకటి. రైల్వే పార్సిల్ రెండోది. ఆర్సీ, ఆధార్ కాపీలు కావాలి, ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి, గోనెపట్టా చుట్టి ప్యాక్ చేయించాలి. మనం ఎక్కిన రైల్లోనే మన బండి వస్తుందన్న భరోసా ఉండదు కాబట్టి నాలుగైదు రోజులు ముందే పంపాలి. చెన్నైలో దించుకున్నాక ట్రాక్ దాకా ఇంకో బండి మాట్లాడుకోవాలి. మూడోది, పదహారో నంబరు హైవే మీద నడుపుకుంటూ వెళ్లడం. బైకులకు టోల్ లేదు కదా అని చాలామందికి ఆశ. దయచేసి ఆ పని చేయకండి. 900 కిలోమీటర్లు నడిపిన ఒంటితో మర్నాడు పొద్దున ట్రాక్ ఎక్కితే బుర్ర పనిచేయదు. అక్కడ పడి హ్యాండిల్ వంగితే ఇంటికి ఎలా వస్తారు?

నాలుగో మెట్టు: పడితే ఎవరు కడతారో ముందే అడగండి

మీ బైక్ ఇన్సూరెన్స్ కాగితం తీసి, వాడకం పరిమితులు రాసిన చోట చదవండి. నిర్వహించిన రేసులు, స్పీడ్ టెస్టింగ్ లాంటివాటికి పాలసీ వర్తించదని ఉంటుంది. అంటే ట్రాక్ మీద బండికి ఏమైనా జేబులోంచే. హెల్త్ పాలసీల్లో సాహస క్రీడల మినహాయింపు ఉంటుంది. కొన్ని పాలసీల్లో అది వృత్తిగా ఆడేవాళ్లకే వర్తిస్తుంది, కొన్నింట్లో ఇంకా గట్టిగా ఉంటుంది. ఏజెంటు నోటిమాట కాకుండా కంపెనీకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

నిర్వాహకుల్ని మూడు ప్రశ్నలు అడగండి. అంబులెన్సు, డాక్టరు రోజంతా ట్రాక్ దగ్గరే ఉంటారా? అద్దె బైకు పడితే నేను ఎంతవరకు కట్టాలి? వాన వచ్చి ఆగిపోతే డబ్బు తిరిగిస్తారా, ఇంకో తేదీ ఇస్తారా? తిన్నగా జవాబు చెప్పనివాళ్ల దగ్గరికి వెళ్లకండి.

పడినప్పటి ఖర్చుకని ఫీజుతో సమానమైన డబ్బు విడిగా పక్కన పెట్టుకోండి. అది లేకుండా, లేదా అప్పు చేసి వెళితే ఆ భయం బ్రేకు పట్టే వేళ్లలోకి వస్తుంది. ఇంకో ఆరు నెలలు ఆగి వెళ్లడం మేలు. ట్రాక్ ఎక్కడికీ పోదు.

అయిదో మెట్టు: సొంత బండైతే ఇలా సిద్ధం చేయండి

బ్రేక్ ఫ్లూయిడ్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే అందరూ మర్చిపోయేది అదే. డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర నేను ఎప్పుడూ వెళ్లే షెడ్డులో మెకానిక్ ముందు చక్రం కాలిపర్ (బ్రేక్ ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) మీది చిన్న నిప్పల్‌కు సన్నటి ప్లాస్టిక్ ట్యూబు తొడిగి, రెండో కొసను ఖాళీ వాటర్ బాటిల్లో పెట్టాడు. నన్ను బ్రేక్ లివర్ నొక్కి పట్టుకోమని స్పానరుతో పావు తిప్పు తిప్పాడు. ట్యూబులోకి చిక్కటి టీ డికాషన్ రంగులో ఫ్లూయిడ్ వచ్చింది, మధ్యమధ్య బుడగలు. “ఏటి బాబూ, కొన్నకాడి నుంచీ మార్చలేదా?” అన్నాడు. మార్చలేదు. పదిహేను సార్లు నొక్కి వదిలాక రంగు తేనెలా మారింది, ఆ తర్వాత లేత పసుపులోకి వచ్చింది. అప్పుడు లివర్ పట్టి చూస్తే గట్టిగా, వెంటనే అందింది.

ఇదెందుకంత ముఖ్యమో చెబుతాను. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మనది సముద్రం పక్కన ఊరు, గాలిలో తేమ ఎప్పుడూ ఉంటుంది. డాట్ 4 రకం కొత్త ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టిన అదే ఫ్లూయిడ్‌కు ఆ హద్దు 155 డిగ్రీలే. ట్రాక్ మీద ప్రతి మలుపుకూ గట్టిగా బ్రేకు వేస్తుంటే కాలిపర్ బాగా వేడెక్కుతుంది. పాత ఫ్లూయిడ్ మరిగి ఆవిరి బుడగలు కడితే లివర్ మెత్తగా గ్రిప్ దాకా వచ్చేస్తుంది, బండి ఆగదు. మన రోడ్ల మీద అంత వేడి ఎప్పుడూ పుట్టదు కాబట్టి ఈ లోపం ఇక్కడ బయటపడదు. రిజర్వాయర్ మూత మీద ఏ గ్రేడు రాసి ఉంటే అదే పోయించండి.

తర్వాత టైర్లు. పక్కగోడ మీద అంకెల్లో చివరి నాలుగూ తయారీ తేదీ. 2324 అని ఉంటే 2024లో 23వ వారం. అరుగు కనబడకపోయినా నాలుగైదేళ్లు దాటిన టైరుతో వెళ్లకండి, రబ్బరు గట్టిపడి ఉంటుంది. గాలి ఎంత ఉండాలో అక్కడి ఇన్‌స్ట్రక్టర్ చెబుతాడు. సెషన్ అయ్యాక వేడికి ప్రెషరు పెరుగుతుంది కాబట్టి చల్లగా ఉన్నప్పటి అంకె, దిగిన వెంటనే అంకె రెండూ రాసుకోండి. సొంత గేజి ఒకటి కొనుక్కోండి.

మిగతావి మీ మెకానిక్‌కు తెలిసినవే: ప్యాడ్ల మందం, చైన్ బిగువు, కోన్ సెట్‌లో ఆట, వీల్ బేరింగులు, ఎక్కడైనా ఆయిల్ కారుతోందేమో. ట్రాక్ మీద మీ ఆయిల్ చుక్క వెనక వచ్చేవాడిని పడేస్తుంది. అద్దాలు, నంబర్ ప్లేటు తీయాలి, హెడ్‌లైటు, ఇండికేటర్లు, టెయిల్ లైటుకు టేపు అంటించాలి. పగిలితే గాజు ముక్కలు ట్రాక్ మీద పడకుండా. ఎల్‌ఈడీ లైటు కాకపోతే టేపు వేశాక లైటు ఆపే ఏర్పాటు చూడండి, వేడికి టేపు జిగురు కరిగిపోతుంది. పవరు పెంచే సామాన్ల మీద ఒక్క రూపాయి కూడా పెట్టకండి.

గేరులో హెల్మెట్, గ్లవ్స్ కొనండి, సూట్ అద్దెకు తీసుకోండి. హెల్మెట్ మీ తలకు అమరాలి, ఎవరు వేసుకుని పడిందో తెలియని హెల్మెట్ పెట్టుకోకూడదు. గ్లవ్స్ మణికట్టు దాటి రావాలి. లెదర్ సూట్ మంచిది కొనాలంటే ఇరవై వేలకు పైమాటే. ఏడాదికోసారి వెళ్లేవాడికి అద్దె చాలు. అద్దె సూట్‌లో వెన్ను దగ్గర సీఈ గుర్తున్న ప్రొటెక్టర్ ఉందా అని చేత్తో తడిమి చూడండి. చాలాసార్లు అక్కడ స్పాంజి ముక్క ఒకటే ఉంటుంది.

ఆరో మెట్టు: నెల రోజుల సాధన, ఇక్కడే

ఇదే అసలు మెట్టు. దీనికి ఖర్చు లీటరు పెట్రోలు, నాలుగు ఖాళీ వాటర్ బాటిళ్లు.

మన ఊళ్ల చుట్టూ ప్లాట్లు వేసి, సిమెంటు రోడ్లు పోసి, ఇళ్లు కట్టని లేఅవుట్లు చాలా ఉన్నాయి. యజమానిని అడిగి ఆదివారం పొద్దున్నే ఆరింటికి అక్కడికి వెళ్లండి. హైవే మీద మాత్రం వద్దు. రోడ్డు మీద రేసులు, స్పీడు పరీక్షలు పెడితే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, 5,000 దాకా జరిమానా పడొచ్చు. చట్టం సంగతి అలా ఉంచినా, మన హైవే పక్కన బడి పిల్లలు, పశువులు, రాంగ్ రూటులో వచ్చే ఆటోలు ఉంటాయి.

బాటిల్లో సగం నీళ్లు పోసి ఒక గుర్తుగా నిలబెట్టండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చి, బాటిల్ దాటగానే బ్రేకు వేసి ఆగండి. దిగి అంగలు లెక్కపెట్టండి. మొదటి రోజు నాకు 14 అంగలు వచ్చింది. ముందు బ్రేకును ఒక్కసారిగా పట్టకూడదు. నిమ్మకాయ పిండినట్టు మొదట మెల్లగా నొక్కి, ముందు ఫోర్కు కిందికి దిగి బరువు ముందు టైరు మీదికి వచ్చిందని తెలిశాక గట్టిగా పిండాలి. మోకాళ్లతో ట్యాంకును బిగించి పడితే చేతుల మీద బరువు పడదు. నాలుగు ఆదివారాలకు 14 కాస్తా 11 అయింది. ట్రాక్ నుంచి వచ్చాక అదే లేఅవుట్‌లో, అదే బండి మీద 9 అయింది. ఆ అంకెలు నా పుస్తకంలో తేదీలతో ఉన్నాయి. మా మావయ్యకు చివరకు చూపించింది ఆ పేజీనే.

మిగతా మూడు బాటిళ్లతో మలుపు గీసుకోండి. ఒకటి బ్రేకు వదిలే చోట, ఒకటి మలుపు లోపలి అంచులో, ఒకటి బయటపడే చోట. మొదటి బాటిల్ చేరేలోపే కళ్లు రెండోదాని మీద ఉండాలి, రెండోది చేరేలోపు మూడోదాని మీద. వేగం 25, 30 చాలు. ఇది కళ్లకు నేర్పే పని.

ఒళ్లు కూడా సిద్ధం కావాలి. రోజూ పది నిమిషాలు గుంజీలు, ప్లాంకు చేయండి. బైకు మీద ఒక పక్కకు జారి మళ్లీ రెండో పక్కకు జరగడం రోజుకు కొన్ని వందల సార్లు ఉంటుంది. తొడలు అలిసిపోతే చేతులతో హ్యాండిల్‌ను పట్టుకుని వేలాడతాం, అప్పుడు బండి మన మాట వినదు.

ఏడో మెట్టు: ఆ రోజు

ముందు రాత్రి ట్రాక్ దగ్గర్లోనే పడుకోండి, నగరంలో కాదు. పొద్దున బండి, హెల్మెట్, సూట్ తనిఖీ చేస్తారు. తర్వాత బ్రీఫింగ్. అక్కడ చెప్పే జెండాలు ముందే కంఠతా వచ్చి ఉండాలి. పసుపు ఊపితే ముందు ప్రమాదం ఉంది, ఓవర్‌టేక్ చేయకూడదు. ఎరుపంటే సెషన్ ఆగిపోయింది, నెమ్మదించి పిట్‌లోకి (ట్రాక్ పక్కన బండ్లు నిలిపే చోటికి) రావాలి. పసుపు మీద ఎర్ర చారలుంటే రోడ్డు జారుడుగా ఉంది. నల్లజెండా మీకు చూపిస్తే మిమ్మల్ని లోపలికి రమ్మంటున్నారు. నలుపు తెలుపు గళ్లంటే సమయం అయిపోయింది.

ఒక్కో సెషన్‌కు ఒక్క పనే పెట్టుకోండి. మొదటి దాంట్లో ట్రాక్ ఏ వైపు తిరుగుతుందో గుర్తుపెట్టుకోవడం. రెండో దాంట్లో కళ్లు. మూడో దాంట్లో బ్రేకు ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ వదలాలన్నది. దిగగానే హెల్మెట్ తీసి, నీళ్లు తాగి, ఒక వాక్యం రాసుకోండి. ఉప్పు, నిమ్మకాయ వేసిన నీళ్లు రెండు లీటర్లు తీసుకెళ్లండి. మధ్యాహ్నం పెరుగన్నం కొద్దిగా తింటే చాలు.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. మొదటిసారి భోజనం తర్వాతి సెషన్లో నా ముందు ఇంకో ఆర్15 వెళుతోంది. స్ట్రెయిట్ చివర అతని కంటే ఆలస్యంగా బ్రేకు వేద్దామనుకున్నాను. వేశాను. మలుపు అనుకున్నదానికంటే ముందే వచ్చేసింది. నా కళ్లు ట్రాక్ బయట ఎర్రమట్టి మీద అతుక్కుపోయాయి, బండి నేరుగా అక్కడికే వెళ్లింది. పడలేదు. బండి మట్టిలో ఊగుతూ వెళ్లి ఆగింది, గుండె దడ తగ్గడానికి చాలాసేపు పట్టింది. ఇన్‌స్ట్రక్టర్ వచ్చి కేకలేయలేదు. నువ్వు చూసింది మలుపునా, మట్టినా అని ఒక్కటే అడిగాడు. అతను బ్రేకు గురించి అడగలేదని రాత్రి రైల్లో గుర్తొచ్చింది. వేగం ఎక్కువే, కానీ ఇంకా వంచితే బండి తిరిగేది. నేను చూడాల్సిన చోటు చూడలేదు.

అలిసిపోతే చివరి సెషన్ వదిలేయండి. కట్టిన డబ్బు వృథా అవుతుందని మనసు పీకుతుంది. ఆ డబ్బు పొద్దునే అయిపోయింది. వదిలేస్తే పోయేది ఇరవై నిమిషాలే. కాళ్లు వణుకుతుంటే వెళ్లి పడితే పోయేవి ఇంకా చాలా ఉంటాయి. రెండోసారి నేను ఆఖరి సెషన్‌కు వెళ్లకుండా గోడ దగ్గర నిలబడి, ఇన్‌స్ట్రక్టర్ ఎక్కడ బ్రేకు వదులుతున్నాడో చూశాను. ఆ ఇరవై నిమిషాలు నాకు చాలా నేర్పాయి.

ఎనిమిదో మెట్టు: విలువ ఎంతో మీరే కొలవండి

ఒక రోజులో సుమారు 40 రౌండ్లు తిరిగితే 12 మలుపుల చొప్పున 480 మలుపులు. అవే మలుపులు, ఇసుక లేకుండా, ఎదురుగా లారీ రాకుండా, పక్కన తప్పు చెప్పే మనిషితో. సాలూరు ఘాట్‌లో నెలకోసారి వెళ్లి వచ్చినా ఏళ్లు గడిచినా ఇది దొరకదు. అక్కడ ప్రతి మలుపూ వేరు, ప్రతి మలుపు వెనకా ఏముందో తెలియదు, తప్పు చేస్తే లోయ.

బ్రేకు లెక్క చూడండి. గంటకు 60 వేగంతో వెళుతూ భయపడి సగం సగం బ్రేకు వేసేవాడు ఆగడానికి సుమారు 28 మీటర్లు పడుతుంది. టైరు పట్టును బాగా వాడుకోగలిగినవాడు పొడి రోడ్డు మీద సుమారు 18 మీటర్లలో ఆగుతాడు. తేడా పది మీటర్లు. ఆర్టీసీ బస్సు పొడవు ఇంచుమించు అంతే ఉంటుంది. వేగం రెట్టింపైతే ఈ దూరాలన్నీ నాలుగింతలవుతాయి. రణస్థలం దగ్గర హైవే మీద గేదె అడ్డొచ్చినప్పుడు ఆ పది మీటర్లే కావాలి.

కిందటి ఏడాది సాయంత్రం విజయనగరం నుంచి వస్తుంటే నాతవలస దాటాక ఒక ఆటో సిగ్నలు లేకుండా అడ్డంగా తిరిగింది. నా కళ్లు ఆటో మీద ఆగలేదు, దాని వెనక ఖాళీ మీదికి వెళ్లాయి. చేయి బ్రేకును పిండింది, వదిలింది, బండి ఆ ఖాళీలోంచి బయటపడింది. ఇంటికి వచ్చాక అమ్మకు చెప్పలేదు. మావయ్యకు చెప్పాను. ఆయన పుస్తకం అడగలేదు, “మళ్లీ ఎప్పుడెల్తావు?” అన్నాడు.

ట్రాక్ నేర్పనివీ ఉన్నాయి. అక్కడ కుక్క రాదు, గుంత ఉండదు, ఎదురు బండి ఉండదు. ట్రాఫిక్‌ను చదవడం అక్కడ రాదు. వచ్చిన మొదటి నెల చాలా జాగ్రత్తగా ఉండాలి. చేతిలో కొత్తగా ధైర్యం వచ్చి, రోడ్డు మాత్రం పాతదే ఉండే కాలం అది. ఏడాది కూడా నిండని రైడర్లు, బండికి ఏబీఎస్ పని చేయని వాళ్లు, టైరు అరిగినవాళ్లు ముందు వాటికి డబ్బు పెట్టండి. అదే 25 వేలు సైలెన్సరుకు, స్టిక్కర్లకు పెడదామా ట్రాక్‌కు వెళదామా అని ఊగేవాళ్లకు నా మాట ఒక్కటే, ట్రాక్‌కు వెళ్లండి.

ఇదంతా అయ్యాక నిజంగా రేసు మీద మనసు పడితే సొంత రేసు బండి జోలికి వెళ్లకండి. 1994 నుంచి నడుస్తున్న టీవీఎస్ వన్ మేక్ రేసులు (అందరూ ఒకే రకం బండి నడిపేవి), రాయల్ ఎన్‌ఫీల్డ్ కాంటినెంటల్ జీటీ కప్ లాంటివాటిలో ఎంపిక పెట్టి, అందులో నెగ్గినవాళ్లకు రేసులో నడపడానికి బండి వాళ్లే ఇస్తారు. మన జిల్లాల పిల్లలు ఆ ఎంపికలకు వెళ్లాలని నా కోరిక.

తిరిగొచ్చాక

సొంత బండి దించుకున్న రోజే షెడ్డుకు తీసుకెళ్లండి. ప్యాడ్లు ఎంత మిగిలాయి, టైరు అంచులు ఎలా అరిగాయి, చైన్ ఎంత సాగింది చూపించండి. టైర్ల గాలి మళ్లీ రోడ్డు అంకెకు తేండి, ఇది మర్చిపోయేవాళ్లు చాలామంది. అద్దాలు, నంబర్ ప్లేటు బిగించాకే రోడ్డెక్కండి. లైట్ల మీద టేపు జిగురు మిగిలితే గీకవద్దు, కొబ్బరినూనె రాసి పది నిమిషాలుంచి మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది. తర్వాత చీకటి పడే ముందు ఒకసారి లైట్లు, ఇండికేటర్లు అన్నీ వేసి చూసుకోండి.